వలసపాలన వారసత్వం – ఆఫ్రికా రాజకీయ సుస్థిరత: కాంగో, బోట్స్వానాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆఫ్రికా దేశాల రాజకీయ అస్థిరతకు తెగల మధ్య వైరాలనో, యూరోపియన్లు గీసిన సరిహద్దులనో కారణంగా చెప్పడం పరిపాటి. ఈ రెండూ పాక్షిక సత్యాలే. పాలకుణ్ణి ప్రశ్నించగల స్థానిక వ్యవస్థలు వలసపాలనలో ఏమయ్యాయన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న. కాంగో, బోట్స్వానా దేశాల చరిత్రలను పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వలసపాలన, స్వాతంత్ర్యం, కాంగో, బోట్స్వానా, ఖోట్లా, ఖనిజసంపద, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి వరకు జరిగిన బెర్లిన్ సదస్సులో ఆఫ్రికా భూభాగాలపై యూరప్ రాజ్యాల హక్కులకు నియమాలు ఏర్పడ్డాయి. ఆ చర్చలలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరు. ముప్పాతిక శతాబ్దం తరువాత, 1960 అనే ఒక్క సంవత్సరంలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. వలసకాలపు సరిహద్దులను యథాతథంగా గౌరవించాలని 1964లో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ తీర్మానించింది. అంటే, దాదాపు అన్ని దేశాలూ పరాయివారు గీసిన గీతల మధ్యనే తమ ప్రయాణాన్ని ప్రారంభించాయి. అయినా అన్నింటి గమనం ఒకటి కాలేదు.

సరిహద్దులే ఏకైక కారణమైతే ఈ భేదం ఉండకూడదు. తెగల వైవిధ్యమే కారణమైతే, ప్రజలలో అత్యధికులు ఒకే భాష మాట్లాడి ఒకే మతాన్ని ఆచరించే సోమాలియాలో 1991లో రాజ్యవ్యవస్థ కుప్పకూలి ఉండకూడదు. కనుక కారణాన్ని మరోచోట వెతకవలసి ఉంటుంది. 1885లోనే యూరప్ అధికారం కిందికి వచ్చి, 1960లలో స్వతంత్రమై, అపారమైన ఖనిజసంపద గల రెండు దేశాలు ఈ అన్వేషణకు ఉపకరిస్తాయి. అవి కాంగో, బోట్స్వానా.

2. కాంగో: ప్రశ్నకు తావులేని రాజ్యం

1885లో ఏర్పడిన ‘కాంగో స్వతంత్ర రాజ్యం’ బెల్జియం దేశానికి కాక, ఆ దేశపు రాజు రెండవ లియోపోల్డ్‌కు సొంత ఆస్తి. ఆయన ఆ నేలపై ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఖాళీగా ఉన్న భూములన్నీ రాజ్యానికే చెందుతాయని ఆ ఏడాదే శాసనం వెలువడింది. స్థానికులు వేటకు, అటవీఫలసేకరణకు, మార్చిమార్చి చేసే సేద్యానికి వాడుకునే నేలలు కూడా ఆ ఒక్క మాటతో పరాధీనమయ్యాయి. తరువాత రబ్బరు సేకరణ నిర్బంధమయింది. నిర్ణీత పరిమాణం తేలేని గ్రామాలపై ‘ఫోర్స్ పబ్లిక్’ అనే సైన్యం విరుచుకుపడేది. చేతులు నరకడం వంటి అమానుష చర్యలు రోజర్ కేస్‌మెంట్ 1904 నివేదిక ద్వారా, ఎడ్మండ్ మోరెల్ ఉద్యమం ద్వారా లోకానికి తెలిశాయి. ఆ ఒత్తిడి వల్ల 1908లో కాంగో బెల్జియం ప్రభుత్వం చేతికి మారింది.

ప్రభుత్వం మారినా రాజ్యస్వభావం పూర్తిగా మారలేదు. గ్రామనాయకులకు పాలనాధికారులు పతకాలిచ్చి గుర్తింపు కల్పించారు. పన్ను వసూలుకు, కూలీల సరఫరాకు ఉపయోగపడినంతకాలమే ఆ గుర్తింపు నిలిచేది. నాయకుని ముఖం ప్రజలవైపు నుంచి అధికారివైపు తిరిగింది. కటంగా రాగి గనులు యూనియన్ మినియేర్ సంస్థ అధీనంలో ఉన్నాయి. క్రైస్తవ మిషన్ల చేతుల్లో ప్రాథమికవిద్య విస్తరించినా, ఉన్నతవిద్య ద్వారాలు చాలా ఆలస్యంగా తెరుచుకున్నాయి. లొవానియం విశ్వవిద్యాలయం 1954లో మాత్రమే ప్రారంభమైంది. కొన్ని నగరాల పురపాలకసంఘాలకు తొలి ఎన్నికలు 1957లో జరిగాయి. కాంగో విముక్తికి ముప్పై ఏళ్ల ప్రణాళిక కావాలని బెల్జియం ఆచార్యుడు వాన్ బిల్సెన్ ప్రతిపాదించినప్పుడు ఆ గడువు మరీ తక్కువని పాలకవర్గం మండిపడింది. అయితే 1959 జనవరిలో లియోపోల్డ్‌విల్‌లో అల్లర్లు చెలరేగిన తరువాత ఏడాదిన్నర తిరగకుండానే, 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది.

ఆనాటికి దేశంలో పట్టభద్రులైన కాంగోలీయులు ముప్పై మంది కూడా లేరు. సుమారు 25,000 మంది సైనికులున్న ఫోర్స్ పబ్లిక్‌లో అధికారులందరూ యూరోపియన్లే. స్వాతంత్ర్యానికి ముందున్న స్థితే తరువాతా కొనసాగుతుందన్న అర్థం వచ్చేలా సేనాధిపతి జాన్సెన్స్ నల్లబల్లపై రాసి సైనికులకు చూపాడు. జూలై 5న తిరుగుబాటు మొదలైంది. జూలై 11న మొయిజ్ షోంబే కటంగాను ప్రత్యేక దేశంగా ప్రకటించాడు. ఆయనకు బెల్జియం అండ, గనుల సంస్థ ధనం తోడయ్యాయి. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలు వచ్చాయి. 1961లో భారత సైనికదళం కూడా అందులో చేరింది. 1960 సెప్టెంబరులో అధ్యక్షుడు కాసావుబు, ప్రధాని పాట్రిస్ లుముంబా ఒకరినొకరు పదవీచ్యుతులుగా ప్రకటించుకోగా, సైన్యాధికారి మొబుటు జోక్యం చేసుకున్నాడు. 1961 జనవరి 17న లుముంబా కటంగాలో హత్యకు గురయ్యాడు. ఆ హత్య విషయంలో బెల్జియంకు నైతిక బాధ్యత ఉందని ఆ దేశపు పార్లమెంటరీ విచారణ సంఘం 2001లో అంగీకరించింది. 1965 నవంబరు 24న మొబుటు పూర్తి అధికారాన్ని చేజిక్కించుకుని 1997 వరకు పాలించాడు.

3. బెచువానాలాండ్: ఉపేక్షలో మిగిలిన వ్యవస్థ

నేటి బోట్స్వానా నాటి బెచువానాలాండ్ రక్షితప్రాంతం. 1885లో బ్రిటన్ దానిని తన రక్షణలోకి తీసుకున్నది అక్కడి సంపద కోసం కాదు. ఉత్తరాదికి వెళ్లే దారి కోసం. సెసిల్ రోడ్స్‌కు చెందిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీకి ఆ ప్రాంతాన్ని అప్పగించే ఆలోచన వచ్చినప్పుడు మూడవ ఖామా, సెబెలే, బాతోయెన్ అనే ముగ్గురు తెగనాయకులు 1895లో స్వయంగా ఇంగ్లండు వెళ్లారు. ఊరూరా సభలలో మాట్లాడి ప్రజల మద్దతు కూడగట్టారు. వలసవ్యవహారాల మంత్రి జోసెఫ్ చేంబర్లెన్‌తో చర్చించి, రైలుమార్గానికి కొంత భూమి వదులుకుని, తక్కిన నేలను కంపెనీ పాలన బారినుంచి తప్పించుకున్నారు.

బ్రిటన్ ఇక్కడ పెద్దగా ఖర్చు చేయలేదు, పెద్దగా జోక్యమూ చేసుకోలేదు. పరిపాలన కేంద్రమైన మాఫెకింగ్ ఈ భూభాగంలోనే లేదు. అది దక్షిణాఫ్రికాలో ఉండేది. ఈ ఉపేక్ష వల్ల బడులు, దారులు, వైద్యశాలలు రాలేదు. కానీ అదే ఉపేక్ష వల్ల ‘ఖోట్లా’ బతికింది. ఖోట్లా అంటే ట్స్వానా సమాజపు బహిరంగసభ. నాయకుడు సమక్షంలో కూర్చుని వినాలి. సామాన్యుడు లేచి విమర్శించవచ్చు. ప్రజల వల్లనే రాజు రాజవుతాడన్నది వారి సామెత. ఇది ఆధునిక ప్రజాస్వామ్యం కాదు. చాలాకాలం ఇందులో స్త్రీలకు గొంతు లేదు. అధీనవర్గాలకు సమానస్థానం లేదు. అయినా అధికారం సంజాయిషీ ఇచ్చుకోవలసిన చోటు ఒకటి మిగిలింది.

దాని శక్తి సెరెట్సే ఖామా ఉదంతంలో తేటతెల్లమయింది. ఆయన 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే ఆంగ్లయువతిని వివాహమాడాడు. సెరోవేలో జరిగిన ఖోట్లా తొలుత ఆ వివాహాన్ని వ్యతిరేకించింది. చర్చలు సాగి, 1949 జూన్‌లో వేలమంది సమావేశమైన ఖోట్లా ఆయనను నాయకుడిగా అంగీకరించింది. వర్ణవివక్షను విధానంగా చేసుకున్న దక్షిణాఫ్రికా మనసు నొప్పించడం ఇష్టంలేని బ్రిటన్ మాత్రం 1950లో ఆయనను దేశానికి దూరం చేసింది. నాయకత్వహక్కు వదులుకున్నాకనే 1956లో తిరిగి రానిచ్చింది. ఆయన స్థాపించిన పార్టీ 1965 ఎన్నికలలో 31 స్థానాలకు 28 గెలిచింది. 1966 సెప్టెంబరు 30న ఆయన స్వతంత్ర బోట్స్వానా తొలి అధ్యక్షుడయ్యాడు.

4. ఒకే తీరు చట్టాలు, భిన్న ఫలితాలు

స్వాతంత్ర్యవేళ బోట్స్వానా స్థితి కాంగోకంటే మెరుగైనదేమీ కాదు. తారురోడ్డు సుమారు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు రెండు పదులకు కాస్త పైన. అందువల్ల విద్యావంతుల కొరత ఒక్కటే కాంగో పతనాన్ని వివరించలేదు. అసలు భేదం ఖనిజసంపద విషయంలో బయటపడుతుంది.

1966లో కాంగో ‘బకాజికా చట్టం’ ద్వారా భూమిపైనా భూగర్భసంపదపైనా హక్కులు రాజ్యానివేనని ప్రకటించింది. 1967 ఆరంభంలో యూనియన్ మినియేర్ ఆస్తులను జాతీయం చేసింది. అదే 1967లో బోట్స్వానా సైతం ఖనిజహక్కులను తెగలనుంచి రాజ్యానికి బదలాయించే చట్టం చేసింది. ఆ ఏడాదే ఒరాపాలో వజ్రాల నిక్షేపం బయటపడింది. అది సెరెట్సే సొంత తెగ నివసించే ప్రాంతంలోనిది. చట్టాల సారాంశం ఇంచుమించు ఒక్కటే, ఫలితాలు పరస్పరవిరుద్ధాలు.

కాంగోలో రాజ్యమంటే లియోపోల్డ్ నాటినుంచీ పైనున్నవాని సొత్తు. 1885 శాసనం ‘ఇది నాది’ అన్నప్పుడు అడ్డుచెప్పే వేదిక లేదు. 1966 చట్టం ‘ఇది జాతిది’ అన్నప్పుడు జాతి తరఫున లెక్క అడిగే వేదికా లేదు. వలసవాదిపై గెలుపుగా కనిపించిన చట్టం మొబుటు చేతిలో వలసరాజ్యపు పాత తాళంచెవి అయింది. బోట్స్వానాలో ఎన్నికైన శాసనసభ ఉంది, గ్రామంలో ఖోట్లా ఉంది. కొత్త విధానాన్ని మంత్రులు అక్కడికి వెళ్లి వివరించవలసి వచ్చేది. భూపంపిణీ అధికారాన్ని నాయకులనుంచి భూమండలులకు మార్చే చట్టం 1968లో వచ్చినప్పటికీ, నాయకుల సభకు రాజ్యాంగంలో సలహాస్థానం నిలిచింది. పాత వ్యవస్థను కూలదోయకుండానే దాని అధికారాన్ని కుదించగలిగారు.

సైన్యం విషయంలోనూ ఇదే భేదం. కాంగోకు దేశం కంటే ముందే సైన్యం ఉంది. అది ప్రజలను అణచడానికే పుట్టింది. బోట్స్వానా 1977 వరకు సైన్యాన్నే ఏర్పాటు చేసుకోలేదు.

5. పోలికకు గల హద్దులు

ఈ పోలికను ఎంతవరకు సాగదీయవచ్చో గుర్తించడం అవసరం. వైశాల్యంలో కాంగో బోట్స్వానాకు నాలుగు రెట్లు. అక్కడి తెగలు రెండువందలకు పైగా ఉండగా, బోట్స్వానాలో ట్స్వానా సమూహాలదే ప్రాబల్యం. ప్రచ్ఛన్నయుద్ధంలో అగ్రరాజ్యాల కన్ను కాంగో ఖనిజాలపై పడింది. వజ్రాలు ముందే బయటపడి ఉంటే బ్రిటన్ బెచువానాలాండ్‌ను ఉపేక్షించి ఉండేది కాదనడం ఊహే అయినా, నిరాధారం కాదు.

బోట్స్వానా సుస్థిరతకూ మూల్యం చెల్లించినవారున్నారు. మధ్య కలహారి అభయారణ్యం నుంచి సాన్ ప్రజలను 1997లోను, 2002లోను తరలించారు. 2006లో ఉన్నతన్యాయస్థానం వారి పక్షాన తీర్పునిచ్చింది. ఖోట్లాలో చోటులేనివారికి కొత్త రాజ్యంలోనూ చోటు ఆలస్యంగానే దక్కిందని ఈ ఉదంతం తెలుపుతుంది. ఒకే పార్టీ 58 ఏళ్లు అధికారంలో కొనసాగడం కూడా విమర్శకు లోనైన అంశమే. అయితే 2024 ఎన్నికలలో ఆ పార్టీ ఓడినప్పుడు అధికారం శాంతియుతంగా చేతులు మారింది.

6. ముగింపు

వలసపాలన ఆఫ్రికాకు చేసిన హాని దోచుకున్న రబ్బరుతో, రాగితో లెక్క తేలేది కాదు. అడిగేవానికీ చెప్పవలసినవానికీ మధ్య ఉండిన సంబంధాన్ని తెంచివేయడం అంతకన్నా పెద్ద హాని. కాంగోలో ఆ సంబంధం తెగింది. స్వాతంత్ర్యం జెండాను మార్చగలిగింది గాని దానిని వెంటనే అతకలేకపోయింది. బోట్స్వానాలో అది మిగలడం బ్రిటన్ దయ కాదు. 1895లో ఓడ ఎక్కిన నాయకుల ముందుచూపు, పాలకుల ఉపేక్ష, 1966 తరువాతి నాయకత్వపు సంయమనం కలిసి సాధించిన ఫలితం. కాబట్టి ఒక దేశం స్వాతంత్ర్యానికి ఎంత సిద్ధంగా ఉందని కొలిచేటప్పుడు పట్టభద్రులను, రోడ్లను లెక్కించడంతో సరిపెట్టలేము. పాలకుని ఎదుట నిలిచి లెక్క అడగగల చోటు సామాన్యునికి మిగిలి ఉందా అన్నది ఆ కొలతలో ముందు నిలవవలసిన ప్రశ్న.