కాగితపు గండికోట

బల్లమీద యుద్ధం ఆడే క్రీడకు ఘనమైన చరిత్రే ఉన్నది. 1812లో రైస్విట్జ్ ప్రష్యా రాజుకు సమర్పించిన బల్లమీద కొండలూ నదులూ జిప్సం పలకలుగా అమరినవి. 1824లో ఆయన కుమారుడు వాటి స్థానే కాగితపు పటాన్ని పరచి, ఆ ఆటను సైన్యానికి అందించినాడు.

మా చిలమకూరుకు చేరువలోనే గండికోట. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దానిని పెమ్మసాని నాయకుల నుండి గెలుచుకొన్నాడు. ఎన్నిమార్లు పాఠం చెప్పినా పిల్లలకు సంవత్సరమే మిగిలినది, కోట కనబడలేదు. అందుకని ప్రాకారాల బొమ్మలు ముద్రింపించి, అట్టలకు అంటించి, పెన్నా లోయతో సహా కోటను నిలిపినాను. ఒక్క వానకాలానికే అది ఉబ్బి, చెదల పాలైనది.

పుస్తకాలు కుట్టే వృద్ధుడొకరు ఉపాయం చెప్పినారు: మైదా జిగురులో కొద్దిగా మైలుతుత్తం కలపాలి, అట్ట వంగకుండా రెండువైపులా కాగితం అంటించాలి, అంచులకు గుడ్డపట్టీ వేసి, బాగా ఆరిన పిదప వార్నిషు పూయాలి. మైలుతుత్తం విషం కనుక ఆ జిగురు పని పిల్లలకు అప్పగించలేదు. ఆ రెండవ కోట నేటికీ చెక్కుచెదరలేదు.

ఆటలో ఒక బాలుడు లోయ అంచున వేలుపెట్టి అడిగినాడు: "ఇటువైపు ఎవరూ ఎక్కలేరు గదా, మరి కోట ఎట్ల పోయింది అయ్యవారూ?"

అన్నేళ్ల బోధనలో నేను ఎదురుచూసిన ప్రశ్న అదే.