35 ఏళ్ల గీత: ఆలస్యంగా నర్సు కావాలనుకునేవారు ముందు చూసుకోవాల్సిన లెక్కలు

పెళ్లి, పిల్లలు, మధ్యలో ఆగిన చదువు. ముప్పై దాటాక పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాకే చాలామందికి తమ గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. అప్పుడు గుర్తొచ్చే కోర్సుల్లో నర్సింగ్ ఒకటి. డిగ్రీ లేకపోయినా చేరొచ్చు, ఏ ఊళ్లో ఉన్నా ఆసుపత్రి ఉంటుంది, ప్రభుత్వ పోస్టులూ పడుతుంటాయి. ఇవన్నీ నిజమే. అయితే ఈ దారిలో వయసు రెండు చోట్ల అడ్డొస్తుంది. ఒకటి కోర్సులో చేరేటప్పుడు, రెండోది ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు. ఈ రెండూ వేర్వేరు నిబంధనలు. మొదటిది చూడకుండా రెండోది మాత్రమే చూసి ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

చేరడానికి గరిష్ఠ వయసు ఎంత?

భారత నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) నిబంధనల ప్రకారం ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ మూడింటికీ కనీస వయసు 17, గరిష్ఠ వయసు 35. దీన్ని ఏ తేదీ నాటికి లెక్కిస్తారు, ఏ వర్గాలకు సడలింపు ఉంది అన్నది ఆ ఏడాది ప్రవేశ నోటిఫికేషన్‌లో ఉంటుంది. తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ ప్రవేశాలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తాయి. నోటిఫికేషన్‌ను వాటి వెబ్‌సైట్‌లోనే చదవండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోను నమ్మొద్దు.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం మార్కులు రావాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. ఎప్పుడో పదిహేనేళ్ల క్రితం సీఈసీ చదివినవారికి ఈ దారి లేదు. వాళ్లకు మిగిలేది మూడేళ్ల జీఎన్‌ఎం. సైన్స్ విద్యార్థులకు ప్రాధాన్యం ఉన్నా, ఇంగ్లిష్‌తో ఇంటర్ చదివి 40 శాతం మార్కులు తెచ్చుకున్న ఇతర గ్రూపుల వారూ ఐఎన్‌సీ ప్రకారం అర్హులే. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చేసినా చెల్లుతుంది. ఏఎన్‌ఎం రెండేళ్లు, ఇది మహిళలకు మాత్రమే.

చాలామంది పట్టించుకోని వాక్యం ఒకటి ఐఎన్‌సీ జీఎన్‌ఎం నిబంధనల్లో ఉంది. ఏఎన్‌ఎంగా అర్హత ఉన్నవారికి జీఎన్‌ఎంలో చేరడానికి వయోపరిమితి లేదు. అంటే 34 ఏళ్లకు ఏఎన్‌ఎంలో చేరినవారు, రిజిస్ట్రేషన్ అయ్యాక నలభైలో కూడా జీఎన్‌ఎం చేయొచ్చు. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. దారి పొడవైనదే, కానీ మధ్యలో సంపాదిస్తూ నడవొచ్చు. 35కు దగ్గరపడి, జీఎన్‌ఎం సీటు దొరక్కపోతే ఏఎన్‌ఎంను చిన్నచూపు చూడకండి.

ఉద్యోగానికి ఎన్నేళ్లు మిగులుతాయి?

ఒక ఉదాహరణ చూద్దాం. 33 ఏళ్లకు జీఎన్‌ఎంలో చేరితే పూర్తయ్యేసరికి 36. ఫలితాలు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కలిపి 37 అనుకోండి.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం జరిగే నార్సెట్‌కు గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఇచ్చినా ఈ ఉదాహరణలోని మనిషికి ఆ అవకాశం లేదు. పైగా జీఎన్‌ఎం వారికి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లను చూసుకుని ఆలస్యంగా కోర్సులో చేరేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. రైల్వే నర్సింగ్ పోస్టులకు పరిమితి 40, కాబట్టి కొంత సమయం ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వాల్లో పరిస్థితి మెరుగు. తెలంగాణలో 2024 సెప్టెంబరులో వచ్చిన 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. అయితే ఈ 46 శాశ్వతం కాదు. అసలు నిబంధన 34 అయితే, 2024 ఫిబ్రవరిలో రెండేళ్ల కాలానికి ఇలా పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటీవలి నియామకాల్లో 42 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చింది ఇలాంటి సడలింపుతోనే. మీరు కోర్సు ముగించే నాటికి అది కొనసాగుతుందన్న హామీ లేదు. అందుకే ప్రభుత్వ ఉద్యోగం వస్తే మంచిదే అనుకోండి, కానీ ఇంటి బడ్జెట్‌ను ప్రైవేటు ఆసుపత్రి తొలి జీతం మీద వేసుకోండి. ఆ జీతం తక్కువగానే ఉంటుంది, రాత్రి డ్యూటీలు తప్పవు. ఇంట్లో రాత్రిపూట పిల్లలను ఎవరు చూస్తారన్నది ఫీజుకన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

46 ఏళ్ల మనిషి నర్సు ఉద్యోగానికి పనికొస్తుందని ఒప్పుకునే వ్యవస్థ, 36 ఏళ్ల మనిషి అదే చదువుకు పనికిరాదని ఎందుకు అంటుందో అర్థం కాదు. నిబంధన మారేదాకా మాత్రం 35నే గీతగా భావించాలి.

35 దాటాక వచ్చే ఫోన్లు

ఈ గీత దాటినవారికే ‘ఆరు నెలల్లో నర్సింగ్’, ‘కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు’ అన్న ప్రకటనలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆరు నెలల్లో నర్సు అయ్యే కోర్సు దేశంలో లేదు. అలాంటి స్వల్పకాలిక కోర్సుల్లో నిజమైనవి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ వంటివి. అవి రోగికి సాయం చేసే ఉద్యోగాలకు పనికొస్తాయి, అంతవరకు తప్పేమీ లేదు. కానీ వాటితో నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. పేరు నమోదు కాకపోతే ఇంజెక్షన్ ఎంత బాగా చేసినా చట్టం దృష్టిలో నర్సు కాదు.

హాజరు సంగతీ అంతే. బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు, పట్టా అందుకోవాలంటే క్లినికల్ విభాగాల్లో 100 శాతం హాజరు ఉండాలి. జీఎన్‌ఎం గానీ బీఎస్సీ గానీ దూరవిద్యలో లేవు. పక్క రాష్ట్రంలో సీటు ఇప్పిస్తాం, హాజరు మేం చూసుకుంటాం అని ఎవరైనా అంటే ఆ డబ్బు పోయినట్టే. కాలేజీకి మీరు చేరే విద్యాసంవత్సరానికి రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉందా, ఐఎన్‌సీ జాబితాలో పేరుందా అన్నవి రెండూ చూడండి. పాత ఏడాది అనుమతి పత్రం గోడకు వేలాడుతుంటే దాన్ని చూసి ఫీజు కట్టొద్దు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి మాత్రం ఈ వయసు గొడవ లేదు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలో సుమారు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసైతే రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. నలభైల్లో మొదలుపెట్టేవారు అక్కడ మామూలే. హెచ్-4 వీసాపై ఉన్నవారు చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం విడిగా పని అనుమతి కావాలి.

కాగితాలు ఇప్పుడే తీయండి

చదువు ఆపి పదేళ్లయినవారికి సీటుకన్నా కాగితాలే ఎక్కువ తలనొప్పి తెస్తాయి. లోకల్ అభ్యర్థిగా నిరూపించుకోవడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మీ బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగాల్సి రావచ్చు. మధ్యలో ఆగిన ఏళ్లకు గ్యాప్ అఫిడవిట్ అడిగే కాలేజీలున్నాయి.

ఇంకో చిక్కు పేరు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటి పేరు మారి ఉంటుంది, పదో తరగతి మెమోలో పుట్టింటి పేరే ఉంటుంది. ప్రవేశంలోనే కాదు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో, తర్వాత విదేశాలకు వెళ్లేటప్పుడు పాస్‌పోర్టులో కూడా ఇది వెంటాడుతుంది. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకోవడమే తేలిక. దానికి వారాలు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఈ పని ముందే మొదలుపెట్టండి.