పటం మీద మన జాగ ఏ రంగు: మాస్టర్ ప్లాన్, మున్సిపల్ కౌన్సిల్, కామారెడ్డి కథ

ప్రతి ఏటా ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు రాసుకుంటాం. అవి వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మా సంఘం వాళ్లం ఒక చరిత్ర రాయాలనుకున్నాం. రాజుల చరిత్ర కాదు. మన గుంటల భూమిలో ఇల్లు కట్టుకోవచ్చా, కిరాణం పెట్టుకోవచ్చా, పిండిగిర్ని వేసుకోవచ్చా అనేది మున్సిపల్ కౌన్సిల్ ఎట్లా తేలుస్తుంది, ఆ అధికారం దానికి ఎక్కడి నుంచి వచ్చింది, దాని గురించి రాస్తున్నాం. మన పట్టణ సమాఖ్యలో సగానికి సగం మంది ఇప్పుడిప్పుడే మున్సిపాలిటీలో కలిసిన ఊళ్ల వాళ్లమే. కాబట్టి ఇది మన ఇంటి ముచ్చటే.

మాస్టర్ ప్లాన్ అంటే ఏంటో ముందు చెప్పుకుందాం. పట్టణం రాబోయే ఇరవై ఏళ్లలో ఎంత పెరుగుతుందో అంచనా కట్టి, సర్వే నంబర్లతో సహా ఒక పటం గీస్తారు. పటంలో ప్రతి జాగకు ఒక రంగు. పసుపు అంటే ఇళ్లు. నీలం అంటే వ్యాపారం. ఊదా అంటే పరిశ్రమలు. ఎరుపు అంటే బడి, దవాఖాన, సర్కారు ఆఫీసులు. ఆకుపచ్చ అంటే పార్కులు, ఆట స్థలాలు. వీటినే జోన్లు అంటారు. పసుపు మనకు శుభం కదా, ఈ పటం మీద కూడా అందరూ పసుపే కోరుకుంటారు. ఎందుకంటే పసుపు పడ్డ భూమికి ప్లాటు రేటు వస్తుంది.

జోన్ మారినంత మాత్రాన భూమి ఎవరూ గుంజుకోరు. పట్టాలో పేరు మారదు, పాస్‌బుక్కు మారదు. అధికారులు ఎప్పుడూ ఈ మాటే చెప్తారు, అందులో అబద్ధం లేదు. కానీ మన వైపు నుంచి చూడండి. ఊదా రంగులో పడ్డ జాగలో ఇల్లు కడతామంటే పర్మిషన్ రాదు. పర్మిషన్ కాగితం లేకపోతే బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. బిడ్డ చదువుకో పెళ్లికో రెండు గుంటలు అమ్ముదామంటే కొనేవాడు ముందు ఆ పటమే చూస్తాడు. ఇక రోడ్డు గీత పడితే అది వేరే సంగతి. వంద అడుగుల రోడ్డు అని పొలం మధ్యలో గీత గీస్తే, ఇవాళ కాకపోయినా ఏదో ఒక రోజు ఆ మేరకు జాగ పోవలసిందే. భూమి మన పేరు మీదే ఉంటుంది, దాంతో ఏం చేసుకోవాలో మాత్రం మన చేతిలో ఉండదు. ఇందులో నష్టం అక్కడ ఉంది.

ఇట్లా పటాలు గీసి పట్టణాలను దిద్దడం మన దగ్గర వందేళ్ల కింద మొదలైంది. హైదరాబాద్‌లో 1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వరద వచ్చి వేల మంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వరద ఆపడానికి పథకం వేయించారు. 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టించడం ఆ బోర్డు పని. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరస ఆ కాలంలో వచ్చిందే. పని మంచిదే చేసింది. అయితే అది సర్కారు నియమించిన బోర్డు, జనం ఓటేసి ఎన్నుకున్న కౌన్సిల్ కాదు.

అదే కాలంలో ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రం కింద ఉండేది. అక్కడి గవర్నరు పెంట్‌లాండ్ పిలిస్తే 1914లో ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ ఆయన వచ్చాడు. ఈయన గురించి కొంచెం ఎక్కువ రాయాలని మాకు అనిపించింది. కుర్చీలో కూర్చొని పటం గీసే రకం కాదు. పట్టణానికి వచ్చి గల్లీ గల్లీ నడిచేవాడు. బావి ఎక్కడుంది, చెట్టు ఎక్కడుంది, ఆడవాళ్లు నీళ్లకు ఏ దారిన పోతున్నారు, ఇవన్నీ చూసేవాడు. రోడ్డు కోసం వరసగా ఇళ్లు కూలగొట్టొద్దు, ఎంత అవసరమో అంతే తీసి మిగతాది బాగుచేయండి అని చెప్పేవాడు. తర్వాత ఇండోర్‌కు వెళ్లినప్పుడు అక్కడి జనం ఈయనను చూసి భయపడ్డారు. పటం పట్టుకొని వచ్చాడంటే ఇల్లు కూల్చడానికే అని వాళ్ల భయం. అక్కడ ప్లేగు కూడా ఉంది. గెడ్డెస్ ఒక ఉపాయం చేశాడు. దీపావళికి పెద్ద ఊరేగింపు పెట్టించి, ఏ వీధివాళ్లు ఇళ్లు బాగుచేసుకొని శుభ్రంగా ఉంచుకుంటే ఆ వీధి గుండా ఊరేగింపు పోతుందని చాటించాడు. జనం పోటీ పడి సున్నాలు వేసుకున్నారు, చెత్త బండ్ల కొద్దీ ఎత్తేశారు. ఆ ఊరేగింపులో ప్లేగు ఎలుక బొమ్మ ఒకటి, దాని వెనక కొత్త అమ్మవారి బొమ్మ ఒకటి నడిచాయి. ఆమె ఇండోర్ పట్టణ దేవత. ఆమె జెండా మీద కొత్త పట్టణం పటం గీసి ఉంది. అంటే పటాన్ని బీరువాలో దాచకుండా వీధిలో ఊరేగించాడు. ఇప్పటి ఆఫీసుల్లో ముసాయిదా పటం ఎక్కడ అంటించారో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా మాకు ఆ అమ్మవారే గుర్తొస్తుంది.

1920లో మద్రాసు ప్రభుత్వం టౌన్ ప్లానింగ్ చట్టం చేసింది. మున్సిపాలిటీ పట్టణ పథకం తయారు చేయాలి, ముసాయిదా ప్రకటించాలి, జనం నుంచి అభ్యంతరాలు తీసుకోవాలి, ఆఖరి ముద్ర ప్రభుత్వం వేయాలి అనే పద్ధతి అప్పటి నుంచి ఉంది. అప్పట్లో పట్టణంలో పన్ను కట్టే వాళ్లకే ఓటు ఉండేది కాబట్టి అభ్యంతరం చెప్పడం కూడా ఆస్తిపరుల పనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ చట్టమే తెలంగాణలోనూ వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ 1920 చట్టం పేరు నోటీసుల్లో కనబడుతుంది. 1975లో పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వచ్చింది, హైదరాబాద్‌కు హుడా వచ్చింది. ఆ సంస్థలు వచ్చిన చోట పటం గీసే పని ఎన్నికైన కౌన్సిల్ చేతి నుంచి అధికారుల చేతికి పోయింది.

మళ్లీ కౌన్సిల్‌కు బలం వచ్చింది 74వ రాజ్యాంగ సవరణతో. అది 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు అని చేర్చి, మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ 18 పనులు రాశారు. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూమి వాడకాన్ని, ఇళ్ల కట్టడాలను అదుపు చేయడం. మోరీలు, వీధి దీపాలు, మంచినీళ్ల కన్నా ముందు ఇవి రెండూ రాశారు చూడండి. అదే సవరణ కౌన్సిల్‌లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది. తర్వాత మన దగ్గర అది సగం అయింది. తెలంగాణలో 2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. 2020 జనవరిలో ఆ చట్టం కింద ఎన్నికలు జరిగితే చాలా చోట్ల మన సంఘాల ఆడవాళ్లు కౌన్సిలర్లు అయ్యారు. చాలా మంది మొదటిసారి గెలిచినవాళ్లే. కొందరికి కుర్చీ వచ్చింది కానీ మాట భర్త మాట్లాడాడు. అది మనందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచేదేం లేదు.

ఇక కామారెడ్డి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా కేంద్రం అయింది. 44వ జాతీయ రహదారి పక్కనే ఉంది, రైలు ఉంది. అడ్లూర్, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ లాంటి చుట్టుపక్కల ఊళ్లు మున్సిపాలిటీలో కలిశాయి. పట్టణం పెరిగింది కాబట్టి కొత్త మాస్టర్ ప్లాన్ కావాలన్నారు. పటం తయారు చేసే పని ఢిల్లీకి చెందిన ఒక కన్సల్టెన్సీకి అప్పజెప్పారు. 2022 ఆఖరులో ముసాయిదా బయటికొచ్చింది. అభ్యంతరాలు చెప్పడానికి 2023 జనవరి 11 దాకా గడువు.

పటం చూసిన రైతులకు గుండె జారిపోయింది. రెండు పంటలు పండే భూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయి. కొన్ని పొలాల మధ్య నుంచి పెద్ద రోడ్ల గీతలు పోయాయి. కొన్ని ఆకుపచ్చ జోన్‌లో పడ్డాయి. ఎకరమో రెండెకరాలో ఉన్న ఇంటికి అది భూమి ఒక్కటే కాదు, బ్యాంకు, ఇన్సూరెన్సు, ముసలితనం పింఛను అన్నీ అదే. ఊళ్ల రైతులందరూ కలిసి కార్యాచరణ కమిటీ పెట్టుకున్నారు. జనవరి 4న ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పటం వల్ల వచ్చిన బెంగే కారణమని ఊరివాళ్లు అన్నారు. మరునాడు వేల మంది రైతులు, ఆడవాళ్లు, పిల్లలు కలెక్టరేట్ ముందుకు వచ్చారు. పొద్దుగూకినా లేవలేదు. జనవరి 6న బంద్ జరిగింది. హైకోర్టుకు కూడా వెళ్లారు. ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమీ తీసుకోవడం లేదు, అభ్యంతరం ఉంటే రాసివ్వండి అని అధికారులు చెప్పారు. ఆ మాట ముందే ఊరి చావిడిలో కూర్చోబెట్టి, పటం పరిచి, ఇది నీ సర్వే నంబరు, ఇది దీని రంగు అని చెప్పి ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదని మా అభిప్రాయం.

రైతులు ఆ తర్వాత చేసిన పని మాకు బాగా నచ్చింది. వాళ్లు కలెక్టరేట్ దగ్గరే ఆగిపోలేదు. వార్డు కౌన్సిలర్ల దగ్గరికి పోయి, ఈ పటం పోవాలంటే తీర్మానం చేయాల్సింది మీరే, లేదంటే రాజీనామా చేయండి అని అడిగారు. కొందరు రాజీనామా ఇచ్చారు కూడా. కామారెడ్డిలో 49 వార్డులు. సంఘాల్లో పని చేసినవాళ్లకు ఇది తెలుసు కదా. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి సంతకాలు పడకుండా బ్యాంకులో రూపాయి కదలదు. కౌన్సిల్‌లో కూడా అంతే, మైకులో చెప్పింది లెక్కకు రాదు, పుస్తకంలో రాసిందే లెక్క. 2023 జనవరి 20న కౌన్సిల్ అత్యవసరంగా కూర్చొని, ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అదే రోజు జగిత్యాల కౌన్సిల్ కూడా అట్లాంటి తీర్మానమే చేసింది. అక్కడ కూడా చుట్టూరా ఊళ్ల రైతులు జోన్ల మీద గొడవకు దిగి ఉన్నారు. ఆ రోజు రెండు పట్టణాల్లోనూ ఛైర్‌పర్సన్లు ఆడవాళ్లే.

అదే ఏడాది నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి గారు ఇద్దరూ పోటీ చేసి ఇద్దరూ ఓడిపోయారు. మాస్టర్ ప్లాన్ గొడవలో రైతుల పక్కన నిలబడ్డ కాటిపల్లి వెంకట రమణారెడ్డి గారు గెలిచారు. మన సమాఖ్యకు పార్టీలు లేవు కాబట్టి అంతకు మించి రాయం. పటం మీద ఒక రంగు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇంకో మాట కూడా న్యాయంగా రాయాలి. మాస్టర్ ప్లాన్ అసలు వద్దు అనేది మా మాట కాదు. పటం లేని పట్టణంలో చెరువు శిఖంలో ప్లాట్లు లేస్తాయి, బడి పక్కన రసాయనాల గోదాము వస్తుంది, మోరీ పోవడానికి దారి ఉండదు. వానాకాలం ఆ నీళ్లు వచ్చేది పేదోళ్ల ఇళ్లలోకే. పరిశ్రమలు రాకపోతే మన పిల్లలు పని కోసం పట్నం పోవాల్సిందే. ఊదా రంగు ఎక్కడో ఒక చోట పడాలి. అయితే అది సర్కారు భూమి వదిలిపెట్టి చిన్న రైతు పొలం మీదే ఎందుకు పడాలి, పెద్దోళ్ల వెంచర్ అంచు దాకా వచ్చిన రోడ్డు అక్కడ ఎందుకు వంక తిరగాలి అని అడిగే హక్కు మనకు ఉండాలి. ఏ ఊళ్లోనైనా జనం మొదట అడిగేది ఇదే.

మనకు పనికొచ్చే సంగతులు కొన్ని. 75 గజాల లోపు జాగలో చిన్న ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కరలేదు, రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే చాలని 2020 నుంచి ఉంది. కానీ అక్కడ కూడా ఆ జాగ మాస్టర్ ప్లాన్‌లో ఇళ్ల జోన్‌లో ఉండాలి. కాబట్టి ప్లాటు కొనేముందు డాక్యుమెంట్ రైటరును అడిగితే సరిపోదు, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పోయి సర్వే నంబరు చెప్పి జోన్ అడగాలి. ఒక్కరి భూమికి జోన్ మార్చాలన్నా పేపర్లో ప్రకటన వేసి అభ్యంతరాలు అడుగుతారు. ఆ ప్రకటనలు ఎంత చిన్న అక్షరాల్లో వస్తాయంటే, మేం చదవడానికి బిడ్డలను కూర్చోబెట్టుకున్నాం. అభ్యంతరం రాసేటప్పుడు సర్వే నంబరు, పట్టాదారు పేరు, పటంలో చూపిన జోన్, మనం అడిగే జోన్, కారణం రాయాలి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకొని దాచుకోవాలి. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి, అందులో ఒకటి మహిళలది. దాంట్లో ఎవరెవరి పేర్లు ఉన్నాయో మన వార్డుల్లో అడిగి చూడండి. మేం అడిగిన చోట కమిటీలో పేరు ఉన్న ఆమెకే ఆ సంగతి తెలియదు.

2020లో గెలిచిన కౌన్సిళ్ల ఐదేళ్ల కాలం 2025 జనవరి 26తో అయిపోయి ప్రత్యేక అధికారులు వచ్చారు. అభ్యంతరం కాగితం తీసుకొని పోవడానికి వార్డు కౌన్సిలర్ ఇల్లు లేని కాలం అది. అందుకే మన సమాఖ్య మీటింగులో ఒక తీర్మానం రాసుకున్నాం. పట్టణం మాస్టర్ ప్లాన్ పటం పెద్ద కాపీ ఒకటి ఫీజు కట్టి తెచ్చి, సమాఖ్య ఆఫీసు గోడకు, అప్పుల రిజిస్టర్లు ఉండే బల్ల పైన వేలాడదీయాలని. ఆర్పీలు ఒక్కో స్లమ్ సమాఖ్య నుంచి సభ్యుల సర్వే నంబర్లు రాసుకొని వస్తున్నారు.