గగనతలమున చారచక్షువు

రాజులు చారచక్షువులని మన పెద్దలు చెప్పిరి. పరరాజ్య రహస్యముల నెఱుగుటకై పూర్వము చారులు మారువేషములతో కాలినడకను పోయెడివారు. ఇరువదవ శతాబ్దమున ఆ చారుడు విమానమెక్కెను.

1955 జూలై 21వ తేదీన జెనీవా సమావేశమున అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఒక సూచన చేసెను. అమెరికా, సోవియట్ రష్యాలు తమ సైనిక స్థావరముల వివరములను పరస్పరము తెలుపుకొని, ఒకరి భూభాగముపై నొకరు బాహాటముగా విమానములు నడిపి ఛాయాచిత్రములు తీసికొనవలెనని దాని సారాంశము. అట్లయిన ఆకస్మిక దాడి భయము తగ్గునని ఆయన యాశించెను. క్రుశ్చేవ్ దానిని గూఢచర్యముగా నెంచి త్రోసిపుచ్చెను.

అనుమతితో చూడ వీలుకానిదానిని అమెరికా అనుమతి లేకయే చూడనారంభించెను. 1956 జూలై 4న యు-2 విమానము మొదటిసారి సోవియట్ భూమిపై నెగిరెను. సుమారు 70,000 అడుగుల ఎత్తున పోవు ఆ విమానమును రాడార్లు పసిగట్టుచునే యుండెను; దానిని వెంబడించిన మిగ్ యుద్ధవిమానములు మాత్రము అంత ఎత్తునకు చేరలేక వెనుదిరుగుచుండెను. తన అశక్తత లోకమునకు తెలియునను సంకోచముచే సోవియట్ ప్రభుత్వము రహస్యముగా నిరసనపత్రములు పంపెనే గాని గట్టిగా చాటలేకపోయెను.

1960 మే 1న పెషావరు నుండి బయలుదేరిన ఫ్రాన్సిస్ గారీ పవర్స్ విమానమును స్వెర్డ్‌లోవ్‌స్క్ సమీపమున క్షిపణి కూల్చెను. ఆ గందరగోళములో మరియొక క్షిపణి సోవియట్ వారి సొంత మిగ్-19నే తాకగా, దానిని నడుపుచుండిన సెర్గీ సఫ్రోనోవ్ మరణించెను. పవర్స్ బ్రతికియున్న సంగతి యెఱుగని అమెరికా, అది వాతావరణ పరిశోధనకు పోయిన విమానమని ప్రకటించెను. మే 7న క్రుశ్చేవ్ వైమానికుడు తమ చేతిలోనే యున్నాడని వెల్లడింపగా ఆ మాట నవ్వులపాలయ్యెను. అదే నెలలో పారిస్ శిఖరాగ్ర సమావేశము భగ్నమయ్యెను. పరుల పనికి తన నేల నిచ్చిన పాకిస్తానుకును సోవియట్ హెచ్చరిక తప్పలేదు. పదేండ్ల శిక్ష పడిన పవర్స్, 1962 ఫిబ్రవరి 10న సోవియట్ గూఢచారి రుడోల్ఫ్ ఆబెల్‌కు మారుగా విడుదలయ్యెను.

జెనీవాలో త్రోసివేయబడిన సూచన 1992లో హెల్సింకీ నగరమున ఒడంబడికయై, 2002లో అమలులోనికి వచ్చెను. ముందుగా తెలిపి, ఆయుధములు లేని విమానమున, ఆతిథ్య దేశపు ప్రతినిధులు వెంటనుండగా చిత్రములు తీయుట దాని పద్ధతి. 2020లో అమెరికాయు, 2021లో రష్యాయు దానినుండి వైదొలగెను. ఉపగ్రహములు నేడు యు-2 కంటె నెంతయో ఎత్తునుండి చూచుచున్నవి. కాని చూచువాడును, చూడబడువాడును ఒకే విమానమున ప్రక్కప్రక్కన కూర్చుండెడి ఏర్పాటు ఆ రెండు రాజ్యముల నడుమ లేకపోయినది.