సంభావనార్థక అసంపూర్ణ భూతం (ఫ్రెంచి వ్యాకరణం)

సంభావనార్థక అసంపూర్ణ భూతం (ఫ్రెంచిలో ఏఁపర్ఫే ద్యు స్యుబ్జోఁక్తిఫ్) ఫ్రెంచి భాషలోని ఒక క్రియారూపం. ప్రధాన వాక్యంలోని క్రియ భూతకాలంలో ఉన్నప్పుడు, దానికి లోబడిన ఉపవాక్యంలో కోరిక, భయం, సందేహం, ఆవశ్యకత వంటి భావాలతో ముడిపడిన పనిని తెలపడానికి దీనిని వాడతారు. ఇది నేటి వాడుక ఫ్రెంచిలో దాదాపుగా లుప్తమైనది. అయితే సాహిత్యంలోనూ, పాత న్యాయ, పాలనా పత్రాలలోనూ తరచు కనిపిస్తుంది. అందువలన ఫ్రెంచి నేర్చుకునేవారు ఈ రూపాన్ని చదివినప్పుడు గుర్తించగలగడం అవసరం. మాట్లాడేటప్పుడు వాడవలసిన అవసరం లేదు.

ఈ వ్యాసంలో ఫ్రెంచి పదాలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో వ్రాయడమైనది. అనునాసిక అచ్చులకు అరసున్న (ఁ) వాడబడింది. 'ఫ్యు', 'ద్యు' వంటి చోట్ల 'యు' అనేది, నాలుకను 'ఇ' స్థానంలో ఉంచి పెదవులను 'ఉ' వలె గుండ్రంగా చుట్టి పలికే అచ్చును సూచిస్తుంది. వర్ణక్రమం చెప్పవలసిన చోట లాటిన్ అక్షరాలను వాటి ఇంగ్లీషు పేర్లతో పేర్కొనడం జరిగింది.

పేరు

ఫ్రెంచి క్రియలకు కాలంతో పాటు 'అర్థకం' అనే విభాగం కూడా ఉంది. జరిగినదానిని జరిగినట్లు చెప్పేది నిశ్చయార్థకం. జరగాలనో, జరుగుతుందేమోననో, జరిగినా సరే అనో మనసులో భావించినదానిని చెప్పేది సంభావనార్థకం. ఈ రెండవదానికి నాలుగు కాలరూపాలు ఉన్నాయి: వర్తమానం, భూతం, అసంపూర్ణ భూతం, పూర్వభూతం. 'అసంపూర్ణ' అనే మాటను తెలుగు వ్యాకరణంలోని 'అసమాపక క్రియ'తో పొరబడరాదు. 'వచ్చి', 'చేసి' వంటి అసమాపక క్రియలకు పురుష, వచన భేదం ఉండదు. ఇక్కడ చర్చిస్తున్న ఫ్రెంచి రూపానికి ఆ భేదం ఉంది.

రూపనిర్మాణం

ఈ రూపానికి ఆధారం పాసే సేఁప్ల్ అనే సామాన్య భూతకాలం. ఆ కాలంలోని మధ్యమ పురుష ఏకవచన రూపం ఎల్లప్పుడు ఎస్ అక్షరంతో అంతమవుతుంది. దానికి ఎస్, ఇ అక్షరాలు చేర్చితే సంభావనార్థక అసంపూర్ణ భూతంలో ఉత్తమ పురుష ఏకవచనం వస్తుంది. సామాన్య భూతంలోని అచ్చును బట్టి క్రియలు నాలుగు విధాలు:

* 'ఆ' విధం: పార్లే (మాట్లాడు) – పార్లాస్
* 'ఇ' విధం: ఫినీర్ (ముగించు) – ఫినీస్, వాఁద్ర్ (అమ్ము) – వాఁదీస్
* 'యు' విధం: ఎత్ర్ (ఉండు, అగు) – ఫ్యుస్, అవ్వార్ (కలిగియుండు) – యుస్
* 'ఏఁ' విధం: వనీర్ (వచ్చు) – వేఁస్

పార్లే క్రియ యొక్క ఆరు రూపాలు ఇవి:

* నేను: పార్లాస్
* నీవు: పార్లాస్
* అతడు / ఆమె: పార్లా
* మేము: పార్లాసియోఁ
* మీరు: పార్లాసియే
* వారు: పార్లాస్

ప్రథమ పురుష ఏకవచనంలో మాత్రం రెండు ఎస్ అక్షరాలు రావు. దానికి బదులు అచ్చుపై టోపీ వంటి గుర్తు (సిర్కోఁఫ్లెక్స్) పెట్టి, చివర టి అక్షరం చేర్చుతారు. ఆ టి పలకదు. ఎత్ర్ క్రియకు ఫ్యు, అవ్వార్ క్రియకు యు, వనీర్ క్రియకు వేఁ అనేవి ఈ రూపాలు. ఆయీర్ (ద్వేషించు) క్రియలో ఐ అక్షరంపై ముందే రెండు చుక్కలు ఉంటాయి కనుక టోపీ గుర్తు పెట్టరు.

సామాన్య భూతం తెలిసినవారికి ఈ రూపాలు కష్టం కావు. సామాన్య భూతంలో ఎంతో క్రమరహితంగా కనిపించే క్రియలు కూడా ఇక్కడ ఇదే సూత్రాన్ని అనుసరిస్తాయి.

టోపీ గుర్తు ప్రాధాన్యం

పాఠకులు ఎక్కువగా పొరబడే చోటు ప్రథమ పురుష ఏకవచనం. 'అతడు ఉండెను' అనే నిశ్చయార్థక సామాన్య భూతం, 'అతడు ఉన్నప్పటికీ' వంటి చోట వచ్చే సంభావనార్థకం రెండూ 'ఫ్యు' అనే పలుకుతాయి. రాతలో యు అక్షరంపై టోపీ ఉంటే సంభావనార్థకం, లేకుంటే నిశ్చయార్థకం. వేఁ, యు, ఫినీ అనే రూపాలలోనూ భేదం ఈ గుర్తు ఒక్కటే. పార్లే తరగతి క్రియలలో టి అక్షరం కూడా అదనంగా ఉండుటచేత గుర్తించడం కొంత సులభం.

ఈ గుర్తు పూర్వం అక్కడ ఉండి లోపించిన ఎస్ అక్షరానికి చిహ్నం. 1990లో ఫ్రెంచి వర్ణక్రమాన్ని సవరించినప్పుడు ఐ, యు అక్షరాలపై టోపీ గుర్తును చాలా పదాలలో ఐచ్ఛికం చేశారు. కాని అర్థభేదానికి ఆధారమైనందున ఈ క్రియారూపాలలో దానిని అలాగే నిలిపి ఉంచారు.

ప్రయోగం

సంప్రదాయ వ్యాకరణంలో 'కాలానుగుణ్యం' అనే నియమం ఉంది. ప్రధాన క్రియ వర్తమానంలో ఉంటే ఉపవాక్యంలో సంభావనార్థక వర్తమానం రావాలి. ప్రధాన క్రియ భూతకాలంలో గాని, షరతును తెలిపే రూపంలో గాని ఉంటే అసంపూర్ణ భూతం రావాలి. ఉపవాక్యంలోని పని అంతకు ముందే ముగిసినదైతే పూర్వభూతం వాడాలి. ఉదాహరణలు:

* జ్ వులే కిల్ వేఁ – అతడు రావాలని కోరుకున్నాను.
* ఇల్ ఫాలే కెల్ పార్లా – ఆమె మాట్లాడవలసి వచ్చింది.
* బియేఁ కిల్ ఫ్యు మలాద్ – అతడు జబ్బుపడి ఉన్నప్పటికీ.
* అవాఁ క లా న్యుయి తోఁబా – చీకటి పడకముందే.

నేటి వాడుకలో మొదటి వాక్యాన్ని 'జ్ వులే కిల్ వియెన్' అంటారు. ఇందులో వియెన్ సంభావనార్థక వర్తమానం. ప్రధాన క్రియ ఏ కాలంలో ఉన్నా ఈ ఒక్క రూపమే సరిపోతుంది.

అవ్వార్ క్రియ యొక్క 'యు' రూపం తర్వాత భూత కృదంతం వస్తే, అది ప్రధాన వాక్యంలో కూడా కనిపించవచ్చు. అప్పుడు దానికి 'అయి ఉండేది', 'చేసి ఉండేవాడు' అనే అర్థం వస్తుంది. ఇది గ్రాంథిక శైలి.

తెలుగుతో పోలిక

తెలుగులో సంభావనార్థకానికి ప్రత్యేక క్రియారూపమాల లేదు. ఆ పనిని 'రావాలని', 'వచ్చేటట్లు', 'వచ్చినా', 'రాకముందు', 'వస్తే బాగుండును' వంటి నిర్మాణాలు చేస్తాయి. 'అతడు రావాలని కోరుతున్నాను', 'అతడు రావాలని కోరాను' అనే వాక్యాలలో ప్రధాన క్రియ మారినా 'రావాలని' అనేది మారదు. కాలానుగుణ్య నియమం తెలుగువారికి కష్టంగా తోచడానికి కారణం ఇదే. ఉపవాక్యరూపం ప్రధాన క్రియను బట్టి మారకపోవడంలో నేటి వాడుక ఫ్రెంచి తెలుగు పద్ధతికే దగ్గరగా ఉన్నది.

చరిత్ర

ఈ రూపం లాటిన్ భాషలోని సంభావనార్థక పూర్వభూతం నుండి పుట్టింది. 'ప్రేమించు' అనే అర్థంగల ధాతువుకు లాటిన్‌లో అమావిస్సెమ్ అనే రూపం అమాస్సెమ్‌గా సంగ్రహమై, ఫ్రెంచిలో ఎమాస్ అయినది. ఇటాలియన్, స్పానిష్ భాషలలో దీని సోదర రూపాలు నేటికీ సంభాషణలో సజీవంగా ఉన్నాయి.

ఫ్రెంచిలో ఈ రూపం క్షీణించడానికి ముఖ్య కారణాలు రెండు. మొదటిది, దీనికి ఆధారమైన సామాన్య భూతమే సంభాషణ నుండి తొలగిపోయింది. ఆల్బేర్ కామూ 1942లో ప్రచురించిన లెత్రాఁజె నవలలో కథనానికి ఆ కాలాన్ని విడిచి, సంభాషణలో వాడే సంయుక్త భూతకాలాన్ని ప్రధానంగా స్వీకరించాడు. రెండవది, 'ఆసియోఁ', 'ఆసియే' వంటి ప్రత్యయాలు చెవికి బరువుగా తోచి పరిహాసానికి గురయ్యాయి. సవ్వార్ (తెలియు) క్రియకు వచ్చే 'స్యుస్' రూపం 'చప్పరించు' అనే అర్థంగల మరొక క్రియారూపంతో ఒకే విధంగా పలుకుతుంది. ఉచ్చారణలో తేలికగా ఉండే ప్రథమ పురుష ఏకవచనమే రచనలలో ఎక్కువ కాలం నిలిచింది.

ఫ్రాన్సు ప్రభుత్వం 1901 ఫిబ్రవరి 26 నాటి ఉత్తర్వులో, ప్రధాన క్రియ షరతు రూపంలో ఉన్నప్పుడు ఉపవాక్యంలో సంభావనార్థక వర్తమానం వ్రాసినా పరీక్షలలో తప్పుగా పరిగణించరాదని నిర్ణయించింది. 1976 డిసెంబరు 28 నాటి ఉత్తర్వు ఈ వెసులుబాటును ప్రధాన క్రియ భూతకాలంలో ఉన్న వాక్యాలకు కూడా విస్తరించింది.

విద్యార్థి జీవద్భాషలో వ్రాస్తే తప్పా అనే ప్రశ్న ఇంచుమించు అదే కాలంలో మద్రాసు రాజధానిలోని తెలుగు బడులలోనూ తలెత్తింది. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషను సమర్థిస్తూ 1913లో ఒక విజ్ఞాపన ప్రకటించాడు. నేటి తెలుగు విద్యార్థి 'చేయుచుండెను' అని వ్రాయకపోయినా పాత గ్రంథం చదివేటప్పుడు దానిని అర్థం చేసుకోవాలి. ఫ్రెంచి విద్యార్థికి ఈ రూపంతో గల సంబంధం కూడా ఇటువంటిదే.

తెలుగు ప్రాంతాలలో ఫ్రెంచి

తెలుగు మాట్లాడే ప్రాంతాలలో ఫ్రెంచి పాలన దీర్ఘకాలం కొనసాగింది యానాంలో. ఆ పాలన 1954లో ముగిసింది. భారత్, ఫ్రాన్సు దేశాలు 1956 మే 28న సంతకం చేసిన అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందని ఆ ఒప్పందంలో ఉంది. యానాం చరిత్రను పరిశోధించేవారు 18, 19 శతాబ్దుల ఫ్రెంచి పత్రాలను చదవవలసి ఉంటుంది. అటువంటి రచనలలో కాలానుగుణ్య నియమం సాధారణం. అందులో టోపీ గుర్తును గమనించకపోతే, జరగాలని కోరినదానిని జరిగినదిగా పొరబడే ప్రమాదం ఉంది.

ప్రస్తుత కాలంలో ఫ్రెంచితో సంబంధం ఎక్కువగా ఉద్యోగాలు, ఉన్నత విద్య ద్వారా ఏర్పడుతున్నది. తిరుపతి జిల్లా తడ సమీపంలోని శ్రీసిటీలో ఫ్రెంచి సంస్థ ఆల్‌స్తోమ్ రైలుపెట్టెల కర్మాగారం ఉంది. ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్ నగరంలో 2023లో ప్రారంభమైన తేలికపాటి మెట్రో రైళ్ల పెట్టెలు ఇక్కడ తయారైనవే. ఇటువంటి ఉద్యోగాలకు గాని, కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో స్థిరపడడానికి గాని ఫ్రెంచి నేర్చుకునేవారు సంభావనార్థక వర్తమానాన్ని బాగా అభ్యసిస్తే చాలు. ఉత్తరాలలో, సంభాషణలో అసంపూర్ణ భూతాన్ని వాడితే అది కృత్రిమంగానో, హాస్యంగానో ధ్వనిస్తుంది.

నేటికీ నిలిచిన ప్రయోగాలు

* ఫ్యుస్ – 'అయినా సరే'. వాక్యం మధ్యలో వస్తుంది.
* న ఫ్యుస్ క – 'కనీసం', 'మాత్రమే అయినా'.
* ద్యుతిల్ – 'అతడు ... చేయవలసి వచ్చినా సరే'.

వీటిలో మొదటి రెండింటిలోని 'ఫ్యుస్', పైన చెప్పిన ఉత్తమ పురుష రూపం కాదు. అది 'ఫ్యు' అనే ప్రథమ పురుష రూపానికి 'అది' అనే అర్థంగల సర్వనామం చేరి ఏర్పడినది.

ఇవి కూడా చూడండి

* ఫ్రెంచి భాష
* యానాం
* గిడుగు వెంకట రామమూర్తి
* శ్రీసిటీ