బంటు కొలువుకు విద్యుత్ గిటారు: ‘అగం’ తొలి ఆల్బం

రియాద్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న సులైలో ఇళ్ళకన్నా గిడ్డంగులే ముందు కంటబడతాయి. ఇక్కడ నా దగ్గరికి వచ్చే తెలుగు రోగుల్లో డ్రైవర్లు, సరుకులు మోసేవాళ్ళు, కాపలాదారులు ఎక్కువ. ఒక రాత్రి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చిన జగిత్యాల ప్రాంతపు కాపలాదారు, నా కంప్యూటరులో చిన్నగా మోగుతున్న పాట విని, “గీ పాటల కొలువు అడుగుతున్నడా సారూ?” అన్నాడు. గిటార్ల, డ్రమ్ముల హోరులో అతనికి చిక్కిన మాట అదొక్కటే. కాని కీర్తనకు కీలకమైన మాట కూడా అదే.

ఆ పాట త్యాగరాజస్వామి ‘బంటురీతి కొలువు’. పాడినది బెంగుళూరుకు చెందిన ‘అగం’ బృందం. 2012లో వెలువడిన వారి మొదటి ఆల్బం ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’లో దానికి ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అని పేరు పెట్టారు. ఒక తెలుగు కీర్తన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బంలో ఎలా ఇమిడింది, ఇమడటంలో దేనిని నిలుపుకుంది, దేనిని పోగొట్టుకునే ప్రమాదంలో పడింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయాలు.

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. మూడు నిమిషాల పాట చట్రాన్ని విడిచి, దీర్ఘమైన నిర్మాణాలకూ మారే తాళగతులకూ అది చోటిచ్చింది. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బం ఈ ధోరణికి ఒక మైలురాయి. ఇందులోనే జానపదం వైపు మొగ్గిన శాఖ ఒకటుంది. గ్రిఫన్ బృందం 1973లో తెచ్చిన మొదటి ఆల్బంలో పాత ఇంగ్లీషు జానపద గీతాలను క్రమ్‌హార్న్, బసూన్ వంటి వాద్యాలతో వినిపించింది. ఆ బృంద స్థాపకులిద్దరూ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్నవారు. శాస్త్రీయ శిక్షణ, జానపద బాణీ, రాక్ వేగం అనే మూడింటి కలయిక అక్కడ కనిపిస్తుంది.

అగం చేసిన పనికి కూడా ఈ మూడే ఆధారాలు. తమిళంలో ‘అగం’ అంటే లోపలిది, అంతరంగం. ఆల్బం పేరు దానికి వివరణ లాంటిదే. ఈ బృందం 2007లో సన్ టీవీ ‘ఊ లలలా’ పోటీలో ఎ. ఆర్. రహమాన్ న్యాయనిర్ణయంలో గెలిచింది. గాయకుడు, వయొలిన్ వాద్యకారుడు హరీశ్ శివరామకృష్ణన్‌ది కేరళ నేపథ్యం. ఆల్బంలో త్యాగరాజ కీర్తనతో పాటు స్వాతి తిరునాళ్ ధనాశ్రీ తిల్లానా, మల్హార్ రాగాశ్రయమైన ఒక రచన, కేరళ పడవ పందాల పాటల స్ఫూర్తితో చేసిన ‘ది బోట్ సాంగ్’ ఉన్నాయి.

శాస్త్రీయ కృతి పక్కన పడవ పాట ఏమిటని సంప్రదాయవాదులు అడగవచ్చు. దానికి జవాబు త్యాగరాజస్వామి దగ్గరే ఉంది. గోపికలు కృష్ణునితో యమునలో చేసిన పడవ విహారమే ఇతివృత్తంగా ఆయన ‘నౌకాచరిత్రం’ రచించారు. అందులో జానపద ధోరణి బాణీలు వినిపిస్తాయి. పాశ్చాత్య వాద్యాలు వాడటమూ కొత్త కాదు. త్యాగరాజు (1767–1847) జీవించిన కాలంలోనే తంజావూరులో శరభోజి ఆస్థానం పాశ్చాత్య వాద్యబృందాన్ని పోషించింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతానికి మలిచారు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు వయొలిన్ విద్వత్తును మెచ్చి స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించారు. నేడు మనం అచ్చంగా మనదనుకునే కచేరీ వయొలిన్ ఆనాటి కొత్త అతిథి.

గిటారు విషయానికి వస్తే, హంసనాద రాగ స్వరూపమే దానికి అనుకూలంగా ఉంది. నేటి ప్రచారంలో ఈ రాగం షడ్జమం, చతుశ్శ్రుతి రిషభం, ప్రతి మధ్యమం, పంచమం, కాకలి నిషాదం అనే ఐదు స్వరాలతో సాగుతుంది. గాంధారం లేదు. పాశ్చాత్య పద్ధతిలో ఒక స్వరసముదాయం మేజరా, మైనరా అన్నది తేల్చేది గాంధార స్థానమే. రాక్ గిటారిస్టులు వాడే పవర్ కార్డ్‌లోనూ ఆ స్థానం ఖాళీగానే ఉంటుంది. అందులో ఉండేవి ఆధార స్వరమూ దాని పంచమమూ మాత్రమే. హంసనాదంలో షడ్జమానికి పంచమం, పంచమానికి రిషభం, నిషాదానికి ప్రతి మధ్యమం అలాంటి జోడీలు. కాబట్టి ఈ మూడు చోట్ల రాగంలో లేని స్వరాన్ని తాకకుండానే గిటారు నిండుగా మోగగలదు. రాగం చెడకుండా రాక్‌లోకి వెళ్ళే దారి ఇక్కడ ఉంది.

మాటకు అలాంటి రక్షణ లేదు. ఈ కీర్తనలో త్యాగరాజు రాముని దగ్గర బంటుగా, అంటే కావలి భటునిగా, కొలువు అడుగుతున్నాడు. కామాది శత్రువులను పడగొట్టే భటుడతడు. చరణంలో అతని వేషం వర్ణించారు: గగుర్పాటే అతనికి కవచం, రామభక్తుడనే పేరే ముద్రబిళ్ళ, రామనామమే ఖడ్గం. రాజాస్థానపు కొలువును నిరాకరించాడని సంప్రదాయం చెప్పే కవి, కోరుకున్న కొలువు ఇది.

గగుర్పాటును కవచమనడం వైద్యుణ్ణయిన నన్ను ఆపి ఆలోచింపజేసింది. రోమాల మొదళ్ళలోని సన్నని కండరాలను సింపథెటిక్ నాడీవ్యవస్థ బిగించినప్పుడు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అది మన ఇచ్ఛకు లోబడదు, నటనకు అందదు. 2001లో మాంట్రియల్‌లో ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోర్ చేసిన మెదడు చిత్రణ, సంగీతం వల్ల గగుర్పాటు కలిగేటప్పుడు ఆనందానుభూతితో ముడిపడిన మెదడు భాగాల్లో రక్తప్రసారం మారుతుందని చూపింది. అర్థం తెలియని పాటకు కూడా ఒళ్ళు జలదరించగలదు. అగం ఆల్బం విన్న అనేకమంది తెలుగేతర యువకులకు కలిగినది ఆ కవచమే. ముద్రబిళ్ళా ఖడ్గమూ మాత్రం భాష తెలిస్తేనే దక్కుతాయి.

అందుకు బృందాన్ని తప్పుపట్టలేను. తెలుగు వాళ్ళమైన మనలో ఎందరం ఈ చరణం అర్థం తెలిసి వింటున్నాము? తెలుగు మాధ్యమంలో చదివిన నేనూ ఈ కీర్తనను ఏళ్ళ తరబడి రాగం కోసమే విన్నాను. గిటారు వచ్చి మాటను కప్పేసిందనే ముందు, అది రాకముందే మనం మాటను వదిలేశామని ఒప్పుకోవాలి.

ఆ రాత్రి కాపలాదారుకు చరణం అర్థం చెప్పాను. రాముని వాకిట కావలి కొలువు అడుగుతున్నాడని వినగానే అతను నవ్వి, “నేను జేసేది గా పనే గద సారూ. నాకు కొలువిచ్చినోడు ఎట్లుంటడో నేనింకా సూడలె” అన్నాడు. త్యాగరాజు అడిగిన కొలువుకూ సులైలోని కొలువుకూ ఉన్న దూరం అతనికి ఆ ఒక్క మాటతోనే తెలిసింది. మందు చీటీ తీసుకున్నాక, పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు.