ఆర్‌.కె. నాయుడు నుంచి గంగవ్వ దాకా: టీవీల మన మాట ఎవరి నోట్లో ఉంది?

ఈ ఎపిసోడ్‌ల నాకు ఇష్టమైన టీవీ క్యారెక్టర్ల గురించి మాట్లాడుకుందాం. కానీ టాప్ టెన్ లిస్టు చదివి పోను. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పుట్టి టీవీ ముందు పెరిగినోళ్లకు ఒక ప్రశ్న లోపల ఎక్కడో ఉంటది. మనం ఇంట్ల మాట్లాడే మాట టీవీల ఎవరు మాట్లాడుతున్నరు? హీరోనా, గేటు దగ్గర వాచ్‌మనా?

మొదట్లో ఈ గొడవే లేకుండె. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున ఊరంతా ఒక్క టీవీ ముందు కూసునేది అని మా ఇంట్ల పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తరు. ఆ రాముడు హిందీ మాట్లాడిండు. అంటే విజయవాడోళ్లకూ దూరమే, జగిత్యాలోళ్లకూ దూరమే. నిజం చెప్పాలంటే ఉర్దూ చెవిన పడి పెరిగిన మనకే కొంచెం దగ్గర. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినంక కథ మారింది. పొద్దంతా తెలుగే. కాకపోతే ఆ తెలుగు పేపర్ల తెలుగు, కోస్తా తెలుగు. అప్పుడు తెలిసింది, తెలుగుల కూడా ముందు బెంచీ, వెనుక బెంచీ ఉంటయని.

నా ఆల్‌టైమ్ ఫేవరెట్ మాత్రం 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినిలో వచ్చింది. అమృతం వేషం శివాజీరాజా వేసిండు, నరేష్ వేసిండు, హర్షవర్ధన్ వేసిండు. ఆంజనేయులు వేషం మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుండు హనుమంతరావే. అందుకే నాకు ఆ సీరియల్ అంటే ఆంజనేయులే. దాంట్ల యాస గురించి నేను ఎన్నడూ ఆలోచించలే. ఎందుకంటే అక్కడ నవ్వు మనిషి మాట తీరు నుంచి రాదు, వాళ్లేసిన ప్లాన్ వాళ్ల మీదికే తిరగబడితే వస్తది. ఎదుటోని మాటను ఎక్కిరించకుండా ఆరేండ్లు నవ్వించవచ్చని చూపించిన సీరియల్ అది.

ఇగ 'చక్రవాకం', 'మొగలిరేకులు'. మంజులా నాయుడు తీసిన ఈ రెండు సీరియళ్లు కలిపి దాదాపు పదేండ్లు మన రాత్రులను ఏలినయి. మా బాపమ్మ ఒళ్లో చాట పెట్టుకొని, బీడీలు చేసుకుంట చూసేది. మన దిక్కు వేల ఇండ్లల్ల ఇదే సీను. చేతులు ఆకును చుడుతనే ఉంటయి, కండ్లు మాత్రం టీవీ మీద. మొగలిరేకుల పోలీసాఫీసర్ ఆర్‌.కె. నాయుడు వస్తే ఆమె చేతులు కూడా ఆగేటివి. టీవీల ఆడమనిషి "ఏంటండీ ఇది" అని ఏడిస్తే, ఈమె ఇక్కడి నుంచి "నీకేమన్న పుట్టిందానే, వాణ్ని నమ్ముతవా" అని జవాబు చెప్పేది. నాకైతే ఆమె డైలాగులే బాగుండేటివి. కానీ ఆ డైలాగులు టీవీలకు ఎక్కలే. నేను చూసిన సీరియళ్లల్ల మన యాస ఎప్పుడన్న వినబడితే అది పనిమనిషి దగ్గరో, రౌడీ దగ్గరో, జోకులేసే డ్రైవర్ దగ్గరో ఉండేది. సినిమాలల్ల అయితే అంతకు ముందు నుంచే అదే లెక్క.

మన యాస పెడితే మిగతా జిల్లాలోళ్లకు అర్థం కాదు అని ఒక మాట చెప్తరు. నేను ఒప్పుకోను. 2017లో స్టార్ మాలో 'కార్తీకదీపం' మొదలైంది. కథ మలయాళం 'కరుత్తముత్తు'ది. వంటలక్క వేషం కట్టిన ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ. అయినా 2023 దాకా ఇంటింటికీ ఆమె వంటలక్కే అయింది. కేరళ కథ, కేరళ మనిషి మనకు చుట్టమైనప్పుడు కరీంనగర్ మాట గుంటూరుకు ఎట్ల పరాయిదైతది?

మలుపు సీరియళ్లల్ల రాలే, వార్తల్ల వచ్చింది. 2012లో మొదలైన వీ6 ఛానల్‌ల తీన్మార్ వార్తలు. సావిత్రక్క, బిత్తిరి సత్తి. సావిత్రిగా చేసిన శివజ్యోతిది నిజామాబాద్ దిక్కు, సత్తిగా చేసిన రవిది చేవెళ్ల దిక్కు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న టైం. మన మాటల వార్తలు చదివితే రోజూ టైంకు టీవీ ముందట కూసున్నం. సత్తి అంటే నాకు పానం. అయినా ఒక కిరికిరి ఉండె. ఆయన మన మాట మాట్లాడేటోడే కానీ ఆ క్యారెక్టర్ బిత్తిరోడు. మల్ల మన మాట నవ్వుల దగ్గర్నే ఆగింది. నాకు సావిత్రక్క ఎక్కువ ఎందుకు నచ్చిందంటే, ఆమె అదే మాటతోని సత్తిని నిలదీసేది. ప్రశ్న అడిగే గొంతు మన యాసల టీవీల నేను విన్నది అప్పుడే.

ఇంక గంగవ్వ. ఈ పేరు కోసమే ఇంతసేపు ఆగిన. మల్యాల మండలం లంబాడిపల్లి. అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. శ్రీకాంత్ శ్రీరాం 2012లో 'మై విలేజ్ షో' అని యూట్యూబ్ ఛానల్ పెట్టిండు. 2016లో జియో వచ్చి డేటా చౌక అయినంక చేతిల ఫోన్ ఉన్న ప్రతోనికి ఈ ఛానల్ దొరికింది. గంగవ్వ కూలి పనికి పోయిన మనిషి, బీడీలు చేసిన మనిషి. చదువు రాదు. డైలాగు నోటితోని చెప్తే దాన్ని తన మాటల తిప్పి అంటది. నా లెక్కల అసలు కిటుకు గదే. రాసిచ్చిన యాస వేరు, నోట్ల పుట్టిన యాస వేరు. రాసిచ్చిన దాంట్ల ప్రతి మాటకు "గిట్ల గట్ల" తగిలిస్తరు. గంగవ్వ అట్ల అనదు. అవసరమైన కాడ తిడుతది, అవసరం లేని కాడ ఊకుంటది. ఆమె ఊకున్నప్పుడే నేను ఎక్కువ చూస్త. మా బాపమ్మ టీవీకి చెప్పిన జవాబులు ఇప్పుడు తెర లోపలికెళ్లి వస్తున్నట్టు అనిపించింది.

2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాలల్ల కనబడ్డది. 2020 సెప్టెంబర్‌ల నాగార్జున హోస్టుగా ఉన్న బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు పోయింది. అయిదో వారంల పానం బాగలేక బయటికొచ్చింది. తర్వాత లంబాడిపల్లిల ఇల్లు కట్టుకున్నది. 2024ల ఎనిమిదో సీజన్‌కు మల్ల పోయింది. ఆమెకు ఇల్లు అయినందుకు నాకు సంతోషమే. కానీ క్యారెక్టర్‌గా చూస్తే బిగ్ బాస్ గంగవ్వ నాకు అంత నచ్చలే. అక్కడ అందరూ "పాపం అవ్వ" అన్నరు. లంబాడిపల్లి వీడియోలల్ల ఆమెను ఎవ్వరూ పాపం అనరు. అక్కడ పోరగాండ్లు ఆమెతోని కొట్లాడుతరు, ఆమె గెలుస్తది. ఒక్కోసారి ఓడిపోతది కూడా. పెద్ద ఛానల్ ఇచ్చిన జాలి కన్నా ఆ కొట్లాటే నాకు మర్యాద లెక్క కనబడతది.

సిరిసిల్ల వేణు యెల్దండిని కూడా ఈ లైన్లనే చూడాలె. జబర్దస్త్‌ల స్కిట్లు చేసి నవ్వించిన మనిషి. 2023 మార్చిల 'బలగం' తీసిండు. కొమురయ్య సచ్చిపోయినంక పిట్ట ముద్ద ముట్టదు, ఇంటోళ్లు గుంజాటన పడుతరు. ఊర్లల్ల తెర కట్టి అందరూ కలిసి చూసిండ్రు, ఏడ్చిండ్రు. 1987ల ఊరంతా ఒక్క టీవీ ముందు కూసున్నట్టే. ఈసారి తెర మీద ఉన్నోళ్లు మాత్రం మన మాటే మాట్లాడిండ్రు.

ఇదంతా కరీంనగర్ లెక్క. ఆదిలాబాద్ లెక్క ఇంకా తేలలే. 2022ల 'ఆర్ఆర్ఆర్' వచ్చినంక కొమురం భీం పేరు దునియా అంతా తెలిసింది. కానీ ఉట్నూరు, జైనూరు దిక్కు ఇండ్లల్ల వినబడే గోండి, కొలామి తెలుగు సీరియల్‌ల ఒక్క క్యారెక్టర్ నోట్లకెళ్లి నేను ఇప్పటిదాకా వినలే. పోరాటం చేసే వీరుడే కావాలని లేదు. కోడలితోని కొట్లాడి, సంతకు పోయి, రాత్రి టీవీని తిట్టే ఒక గోండు అవ్వ చాలు. ఆ సీరియల్ వస్తే మొదటి ఎపిసోడ్ నుంచే చూస్త.